తిత్తి వాయించేవాళ్లు వచ్చిన సాయంత్రం

మా అక్క పోయాక కదిరిలో సంతాపసభ పెట్టారు. మాట్లాడినవాళ్లలో చాలామంది ఆమెను కళామతల్లి ముద్దుబిడ్డ అన్నారు. అక్క మా అమ్మ బిడ్డ. శనక్కాయలు ఒలిచింది, గొర్రెలు తోలింది, చాలా ఏళ్లు మా ఊరి చెక్కభజన బృందానికి గురువుగా ఉంది. ఆడమనిషి ఆ స్థానంలోకి ఎలా వచ్చిందని ఒక విలేఖరి అడిగితే, వేదిక మీదున్న పెద్దమనిషి ఒకాయన సమాజాన్ని ఎదిరించి వచ్చిందని చెప్పాడు. అలా కాదు. ఒక సాయంత్రం పూట, చెక్ దేశం నుంచి వచ్చినవాళ్లు పెట్టిన పులుసు తిన్న తర్వాత వచ్చింది. అప్పుడు నేను అక్కడే ఉన్నాను. అందుకని ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

మా ఊరు ముదిగుబ్బకు దగ్గర. రెండువేల సంవత్సరం దాటాక మాకు వరసగా వానలు తప్పాయి. అలాంటి ఒక ఏడు, వేసవిలో, మా నాయన పోయాడు. ఆయన చెక్కభజన గురువు. చెక్కభజన చూడనివాళ్ల కోసం ఒక మాట చెప్పాలి. ఆడేవాళ్లు గుండ్రంగా నిలబడతారు. చేతుల్లో ఇత్తడి బిళ్లలు తగిలించిన చెక్కలుంటాయి, కాళ్లకు గజ్జెలుంటాయి. గురువు నడుమ నిలబడతాడు. పాట ఎత్తుకునేది, అడుగు మార్చేది, ఆట నిలిపేది ఆయనే. నడుమ మనిషి లేకపోతే చుట్టూ ఉన్నవాళ్లకు తర్వాతి అడుగేమిటో తెలియదు.

నాయన తన అడుగులు చాలావరకు తానే కట్టుకున్నాడు. విత్తనాల కోసం శనక్కాయలు ఒలిచే రోజుల్లో ఇంటిముందు కూర్చుని, ఒలుస్తూ నోటితో వాటిని చెప్పుకునేవాడు. పక్కన కూర్చుని ఒలిచేది అక్క. ఆమె నిద్రలోకి జారకుండా ఆయన ఒక వరస చెబితే తిరిగి చెప్పాలి. తప్పితే మళ్లీ మొదటి నుంచి. ఎవరూ దాన్ని నేర్పడం అనుకోలేదు. కాయలు ఒలవడం అనుకున్నారు. నేను కూడా అక్కడే కూర్చునేవాణ్ణి గాని నా చేతిలో పుస్తకం ఉండేది.

నాయన పోయిన తర్వాత నడుమ ఎవరు నిలబడాలన్నది మా చిన్నాయన తేల్చాల్సి వచ్చింది. నాయనకు తమ్ముడాయన, బృందంలో అందరికన్నా పెద్ద. మంచి గొంతు. అడుగు చెప్పడం మాత్రం రాదు, ఆ సంగతి ఆయనే ఒప్పుకునేవాడు. పైగా మా ఊళ్లో ఒక కట్టుబాటు ఉంది. చావు జరిగిన ఇంటివాళ్లకు ఏడాది సూతకం, అది తీరేవరకు గజ్జె కట్టకూడదు, చెక్క పట్టకూడదు. ఆ లెక్కన చిన్నాయనా పట్టకూడదు, నేనూ పట్టకూడదు. నాకు ఎలాగూ రాదు.

అక్క వెళ్లి అడిగింది. నేను వెంట ఉన్నాను.

“చిన్నాయనా, నాయన తావులో నేను నిలుచుకుంటా.”

చిన్నాయన కోప్పడలేదు. ఆలోచించి చెప్పినట్టే చెప్పాడు. “నీకొచ్చని నాకు తెలుసమ్మా. అయితే నువ్వు పెండ్లై ఇంకో ఇంటికి పోయినదానివి. ఈ ఇంటిదానివి కాదు. ఆ తావు ఈ ఇంటిది. నేనేం జేసేది?”

అక్క పెళ్లయి వెళ్లిన ఇల్లు మా ఇంటికి నాలుగిళ్ల అవతల. పెళ్లికొడుకు మా మేనమామ కొడుకే, మా బావ. అయినా కట్టుబాటు ప్రకారం ఆమె వేరే ఇంటి మనిషే. ఆమె లేచి వచ్చింది. దారిలో, “ఆడమనిషివని చెప్పింటే కొట్లాడింటి. ఇంటిదానివి కాదంటే ఏం కొట్లాడేది?” అంది.

చలికాలం వచ్చాక చిన్నాయన గోరంట్ల వైపున్న ఒక గురువుకు కబురు పెట్టాడు. ఆయన ఆదివారం వచ్చి బృందాన్ని చూస్తానని, నచ్చితే తన కిందికి తీసుకుంటానని మనిషి చేత చెప్పించాడు. పేరున్న గురువు, ఆయన్ను తప్పు పట్టడానికేమీ లేదు. అయితే బృందం ఆయన చేతికి పోతే పాటలు ఆయనవి, అడుగులూ ఆయనవే. నాయన కట్టిన అడుగులు తెలిసిన మనిషి ఒక్కతే మిగులుతుంది, ఆమె వాటిని గొర్రెల వెనక నడుస్తూ చెప్పుకోవాలి. అక్కకు పోతున్నది ఇది. పెద్దరికం ఆమెకు అక్కరలేదు.

ఆ వారంలోనే చెక్ వాళ్ల సంగతి వచ్చింది.

ముదిగుబ్బ రోడ్డు మీద ఒక స్వచ్ఛంద సంస్థకు అతిథిగృహం ఉండేది. చెరువుల్లో పూడిక తీయించేవాళ్లు దాన్ని కట్టుకున్నారు. చలికాలంలో పనులు చూడటానికని, ఊరికే తిరగడానికని రకరకాల దేశాల ప్రయాణికులు వచ్చి దిగేవాళ్లు. ఆ ఏడు వచ్చినవాళ్లలో పదిమంది దాకా చెక్ దేశంవాళ్లు. మామూలు ఉద్యోగాలు చేసుకునేవాళ్లు, సెలవుల్లో కలిసి తమ పల్లె పాటలు పాడే జట్టు. వాయిద్యాలు కూడా మోసుకొచ్చారు. శనివారం వెళ్లిపోతున్నామని, శుక్రవారం సాయంత్రం తమ దేశపు వంట చేసి, పాడి, ఆడతామని, తక్కిన ప్రయాణికులూ మా ఊరివాళ్లూ రావాలని చెప్పారు. ఇన్నాళ్లు మీది తిన్నాం, ఒక పూట మాది తినండి అన్నారు. మా చెక్కభజన కూడా చూడాలని అడిగారు.

చిన్నాయనకు ఊరి పరువు ముఖ్యం. సరేనన్నాడు. నడుమ ఎవరుండాలి అన్న ప్రశ్నకు ఆయన కనిపెట్టిన దారి ఇది: నడుమ పీట వేసి దాని మీద నాయన చెక్కలు పెట్టాలి. చుట్టూ ఆడేవాళ్లు వాటిని చూసుకుంటూ తెలిసిన రెండు మూడు అడుగులు వేసి ముగించాలి.

శుక్రవారం మధ్యాహ్నమే అక్క పాలబిందె తీసుకుని అతిథిగృహం వంటింటికి వెళ్లింది. మాటలు చెప్పడానికి నన్ను పిలిచారు. నేను అప్పట్లో కదిరి గ్రంథాలయంలో పనిచేసేవాణ్ణి, చదివిన ఇంగ్లీషు కొంత నోటికి వచ్చేది. వాళ్లలోనూ వంట చేసే ఆవిడకే ఇంగ్లీషు వచ్చు. ఎర్రటి మొహం, మోచేతుల దాకా పిండి. హిందూపురం సంతలో తనకు దొరికిన ఆకుకూర కట్టలను ఆవిడ ఏదో గెలుచుకున్నట్టు చూపించింది. అది సబ్బసిగాకు. కోస్తావాళ్లు సోయాకూర అంటారు. ఆ ఆకు లేనిదే తమ పులుసు కాదని, ఇంత ఎండలో ఇక్కడ అది పండుతుందని అనుకోలేదని చెప్పింది. మేము దాన్ని పప్పులో వేసుకుంటామని అక్క చెప్పమంది. చెప్పాను. ఆవిడ అక్కను కావలించుకుంది. అక్క చీర మీద పిండి అంటింది.

పులుసు పాలతో చేశారు. అందులో పుల్లదనం, తీపి రెండూ ఉన్నాయి. దానికి జతగా గోధుమపిండి పొంగించి, రొట్టెముక్కలు కలిపి, మూరెడు పొడవు దిండులా చేసి, నీళ్లలో ఉడకబెట్టారు. ఉడికాక దాన్ని దారంతో కోశారు. కత్తి లేదేమోనని అక్క అనుమానించింది. కత్తి పెడితే అణిగిపోతుందని ఆవిడ సైగలతోనే చెప్పి దారం అక్క చేతికిచ్చింది. తక్కినవన్నీ అక్కే కోసింది. ఉడికిన కోడిగుడ్డు కోసినట్టే ఉందని నాతో అంది.

పొద్దు వాలేసరికి ఊరు వచ్చింది. ఆవరణలో వరసగా కూర్చోబెట్టి విస్తళ్లు వేశారు. తక్కిన దేశాల ప్రయాణికులు కూడా మాతోపాటు నేలమీదే కూర్చున్నారు. ఉడికిన ముక్కలు, పులుసు, గుడ్లు, పక్కన పుల్లటి క్యాబేజీ. మాకు చేత్తో తినే ముద్ద అంటే రాగిసంగటి. సంగటిని నమలరు. ముద్ద చేసి, గుంట పెట్టి, పులుసులో అద్ది మింగుతారు. నమిలేవాణ్ణి మా ఊళ్లో పళ్లు లేనివాడికన్నా తక్కువగా చూస్తారు. కాబట్టి ఊరు ఊరంతా ఆ తెల్లటి ముక్కలను పిసికి, ముద్ద చేసి, గుంట పెట్టి, పులుసులో ముంచి మింగింది. సంగటి జారుతుంది. ఇది జారలేదు. మా బావ గుటక మధ్యలో ఆగి కళ్లు పెద్దవి చేశాడు. ఆయన పక్కనున్నవాడూ అంతే. వరస వరసంతా వీపులు చరుచుకుంటూ నీళ్ల చెంబుల కోసం చేతులు చాపింది. వంట చేసిన ఆవిడ తన వంటలో ఏం తప్పు జరిగిందోనని తల పట్టుకుంది.

చిన్నాయన నీళ్లు తాగి తీర్పు చెప్పాడు. “ఇది నమిలే సంగటప్పా. నమలండి, సిగ్గేం లేదు.”

నమిలారు. అప్పటి నుంచి బాగుందన్నారు. బావ మళ్లీ పెట్టించుకున్నాడు.

తిన్న తర్వాత వాళ్లు వాయిద్యాలు తీశారు. ఒకరిది ఫిడేలు, ఒకరిది క్లారినెట్. తెల్లమీసాల పెద్దాయన ఒకాయన చంకలో మేకతోలు సంచీ పెట్టుకున్నాడు. వెంట్రుకలు పైకే ఉన్నాయి. గొట్టం మొదట్లో చెక్కతో చేసిన మేకతల, దానికి కొమ్ములు. రెండో చంకలో చిన్న కొలిమితిత్తిలాంటిది పెట్టుకుని మోచేత్తో నొక్కుతుంటే సంచీ ఉబ్బి గొట్టం మోగింది. మా దగ్గర శ్రుతికి పట్టే తిత్తి ఇలాంటిదే. మావాళ్లలో సగంమంది గొర్రెలు, మేకలు కాచేవాళ్లు. తిత్తి, తిత్తి అంటూ ముందుకు జరిగారు. తోలు ఏ మేకదో, ఎన్నేళ్లదో, ఎలా పదును చేశారో నా చేత అడిగించారు. పెద్దాయన వాయించడం ఆపి, వంట చేసిన ఆవిడ ద్వారా వరసగా అన్నిటికీ జవాబు చెప్పాడు.

తర్వాత వాళ్లు ఆడారు. ఆడామగా జతలుగా చేతులు పట్టుకుని, నడుములు పట్టుకుని గిరగిరా తిరిగారు. మా ఆడవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని కళ్లు మాత్రం తిప్పుకోలేదు. చిన్నాయన ఆకాశంలో మబ్బేమన్నా ఉందేమో చూడటం మొదలుపెట్టాడు. మబ్బు లేదు.

మా బృందం వంతు వచ్చింది. నడుమ పీట, పీట మీద నాయన చెక్కలు. చిన్నాయన వలయం బయట నిలబడి పాట ఎత్తుకున్నాడు. మొదటి అడుగు బాగానే పడింది. తర్వాత మార్చాలి. మార్చమని చెప్పేవాడు లేడు. ఒకరు మారిస్తే ఇంకొకరు మార్చలేదు, మార్చినవాడు మళ్లీ పాత అడుగులోకి వచ్చాడు. పాట అయిపోయేదాకా ఆ ఒక్క అడుగే వేశారు. ప్రయాణికులు చప్పట్లు కొట్టారు. తెలియనివాళ్లకు అది బాగున్నట్టే ఉంటుంది. మా ఊరివాళ్లు కొట్టలేదు.

అప్పుడు పెద్దాయన వంట చేసిన ఆవిడతో ఏదో చెప్పి నవ్వాడు. ఆవిడ నాకు చెప్పింది. తమ పల్లెల్లో పెళ్లిళ్లప్పుడు ఒక ఆట ఆడతారట. దాని పేరుకే తికమక పెట్టేదని అర్థమట. వాయించేవాళ్లు మధ్యలో నడక మార్చేస్తారు. తప్పినవాళ్లు బయటికి వెళ్లిపోవాలి, చివరిదాకా నిలిచినవాళ్లు గెలిచినట్టు. మా చెక్కలవాళ్లు కూడా వలయంలోకి వస్తారా అని అడిగింది.

చిన్నాయనకు అంతకు ముందరి అవమానం ఇంకా పచ్చిగానే ఉంది. “చెక్క పట్టినోన్ని తప్పించే తిత్తి ఇంకా పుట్టలేదని చెప్పప్పా” అన్నాడు. నేను దాన్ని కొంచెం మెత్తగా చేసి చెప్పాను.

తిత్తి మోగింది. మొదట రెండేసి దెబ్బల నడక. మావాళ్లు హాయిగా అందుకున్నారు. అది మూడోసారి రాగానే, ఇక స్థిరపడిందనుకునే చోట, మూడేసి దెబ్బల నడకలోకి జారిపోయింది. అది రెండుసార్లు. సర్దుకునేలోపు మళ్లీ మొదటికి. మావాళ్లలో ఇద్దరు ఒకరినొకరు గుద్దుకున్నారు. ఒకతను చెక్క జారవిడిచాడు. ప్రయాణికుల్లో జర్మనీ నుంచి వచ్చిన జంట కూడా అప్పుడే తప్పింది, నవ్వుకుంటూ బయటికి నడిచింది. వాళ్లకు అది ఆట. మావాళ్లు మాత్రం నవ్వలేకపోయారు. ఒక్కొక్కరే తలలు వంచుకుని బయటికి వచ్చారు. గట్టిగా కొట్టేవాళ్లని పేరున్న ముగ్గురే మిగిలారు, వాళ్ల కాళ్లూ తడబడుతున్నాయి. వెనక నుంచి ఎవరో, గోరంట్లాయనకు ఇది తెలిస్తే ఆదివారం రాడు పో అన్నారు.

అక్క ఆడవాళ్లలో కూర్చుని ఉంది. పెదాలు కదులుతున్నాయి. శనక్కాయలు ఒలిచేటప్పుడు కదిలినట్టే. వలయం ఒక చుట్టు తిరిగేదాకా విన్నది, రెండో చుట్టు తిరిగేదాకా విన్నది. లేచింది. నేరుగా వలయంలోకి నడిచి పీట దగ్గర వంగింది.

చిన్నాయన చెయ్యి అడ్డం పెట్టాడు. “ముట్టుకోవద్దమ్మా. సూతకం.”

తిత్తి ఆగింది. అక్క వంగినది వంగినట్టే తల తిప్పి చూసింది.

“ఎవురింటి సూతకం చిన్నాయనా?”

“మన ఇంటిది గదమ్మా.”

“నేను ఈ ఇంటిదాన్ని కాదంటివే. పెండ్లై పోయిన కూతురికి సూతకం మూడునాళ్లు. అది తీరి ఎన్నాళ్లైందో నువ్వే చెప్పు.”

ఆడవాళ్ల వరసలోంచి ఒక ముసలామె, “చెప్పు నాయనా, చెప్పు. పెద్దోనివి గదా” అంది. ఆడవాళ్లు నవ్వారు. తర్వాత మగవాళ్లలోనూ నవ్వు మొదలైంది. చిన్నాయన అడ్డం పెట్టిన చేతిని చూసుకున్నాడు. ఆ చేతిని ఎక్కడ పెట్టుకోవాలో తెలియక తల గోక్కున్నాడు. దారి వదిలాడు.

అక్క చెక్కలు తీసుకుంది, పీటను పక్కకు జరిపింది. బయటికి వెళ్లినవాళ్లందరినీ వెనక్కి పిలిచింది.

“కాళ్లు ఎత్తొద్దప్పా. ముందు నోటితో చెప్పండి. తక తక తక, తకిట తకిట.”

చెప్పారు. మళ్లీ చెప్పించింది. ఒకతను తప్పితే మొదటి నుంచి చెప్పించింది. ఆ తర్వాత చెక్కలెత్తమంది. పెద్దాయన వైపు చూసి తల ఊపింది. ఆయన తిత్తి నొక్కాడు.

ఇక్కడ పోలిక ఏదీ చెప్పను. అడుగులు కలిశాయి. ఇంతసేపూ కాళ్లను విడదీసిన చోటే ఇప్పుడు అన్ని చెక్కలూ ఒక్కసారి పడ్డాయి. పెద్దాయన కనుబొమలెత్తి వేగం పెంచాడు. అక్క నడుమ నుంచి పలుకుతూనే ఉంది, ఎవరూ తప్పలేదు. ఇంకా పెంచాడు. ఆయన మొహం ఎర్రబడింది, మోచెయ్యి కనపడనంత వేగంగా ఆడుతోంది. మా వాళ్ల గజ్జెలు ఆయన వెంటే పోయాయి. కొంతసేపటికి ఆయన వాళ్ల వెంట వస్తున్నట్టయింది.

అప్పుడు అక్క ఒక చెయ్యి పైకెత్తి వరస తిరగేసింది. తకిట తకిట, తక తక తక. నాయన చేసే పనే అది. బాగా వచ్చిన అడుగును తలకిందులు చేసి ఇచ్చేవాడు. బృందానికి అది అలవాటు. ఫిడేలు మనిషికి కాదు. ఆయన రెండు నడకల మధ్య ఇరుక్కుని ఆగిపోయాడు. క్లారినెట్ ఆయన చూసి నవ్వబోయి తానూ తప్పాడు. తిత్తి ఒక్కటే మిగిలింది. పెద్దాయన చాలా దూరం లాగాడు గాని చివరికి గొట్టంలోంచి మేక అరుపులాంటిది వచ్చి అది కూడా ఆగింది. చెక్కలు ఆగలేదు. అక్క బృందాన్ని ఇంకో చుట్టు తిప్పి, నాయన ముక్తాయింపుతో ఒక్క దెబ్బ మీద నిలిపింది.

మా ఊరివాళ్లు అప్పుడు కొట్టారు చప్పట్లు. బావ ఈల వేశాడు. ఆయనకు ఈల వచ్చని నాకు అంతవరకు తెలియదు. పెద్దాయన తిత్తి దింపి, టోపీ తీసి, వలయంలోకి వచ్చి అక్కకు వంగి నమస్కరించాడు. తమ ఊళ్లో ఈ ఆట మొదలైనప్పటి నుంచి తప్పింది ఆడేవాళ్లే గాని వాయించేవాళ్లు కాదని వంట చేసిన ఆవిడ నాకు చెప్పింది. నేను గట్టిగా ఊరందరికీ వినపడేలా చెప్పాను. ఈసారి దేన్నీ మెత్తగా చేయలేదు.

ఆవిడ మిగిలిన ముక్కలను నేతిలో వేయించి పంచుతుంటే చిన్నాయన అక్క దగ్గరికి వచ్చాడు. నేనూ పక్కనే ఉన్నాను.

“ఆదివారం ఆయప్ప రావద్దని చెప్పంపుతా” అన్నాడు. “తావు ఇంటిదే. అయితే ఇంట్లో పట్టేవాళ్లకు సూతకం ఉండాది. లేనిదానివి నువ్వే. ఏడాది తిరిగేదాకా నిలుచుకో.”

“ఏడాదైనంక?”

“ఏడాదైనంక నిన్ను నడుమనుంచి తీసేవాడు ఎవుడే? నా వల్ల కాదు.” ఆగి, మళ్లీ అన్నాడు. “పొద్దున్నే కళ్లంలోకి రామ్మా. ఆ తిక్క అడుగు మావోళ్లకు బాగా పట్టీయాల.”

“పొద్దున గొర్రెలు తోలాల. సాయంత్రం రమ్మను. ఆలస్యంగా వచ్చినోళ్లకు నేర్పను.”

చిన్నాయన ఒక నిమిషం ఆమెను చూశాడు. మా నాయన బతికున్నప్పుడు ఆయనతో వాదం పెట్టుకోవాలా వద్దా అని చూసినట్టు చూశాడు. తర్వాత బృందం వైపు తిరిగి కేక వేశాడు.

“సాయంత్రమంటప్పా! పొద్దుండంగనే రావాలంట.”